వాయిదా పడిందన్నారు, డిక్రీ వచ్చింది

ప్రశ్న: అయ్యా, మాది గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రం. మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఆరడుగుల సందు ఉంది. అది తమదేనని, అందులో మేం కట్టిన గోడ తీసేయించాలని పక్కింటివాళ్ళు 2021లో మా అమ్మ మీద దావా వేశారు. ఊళ్ళో పేరున్న లాయర్‌నే పెట్టుకున్నాం. ఇప్పటికి 60 వేల దాకా ఇచ్చాం. ఎప్పుడు ఫోన్ చేసినా "వాయిదా పడిందమ్మా, మీరు రానక్కర్లేదు" అనేవారు. మొన్న కోర్టు నుంచి ఈపీ (డిక్రీ అమలు చేయమనే పిటిషన్) నోటీసు వచ్చాక తెలిసింది, పది నెలల కిందటే, మేం హాజరు కాలేదంటూ ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోయిందని. వెళ్ళి అడిగితే జడ్జి అవతలివాళ్ళకి అమ్ముడుపోయాడన్నారు. ఇంకో 50 వేలు ఇస్తే "లోపల మాట్లాడి" సరిచేస్తానన్నారు. ఫైలు ఇవ్వమంటే ఫీజు బాకీ 25 వేలు కట్టి తీసుకెళ్ళమన్నారు. కేసు మొదట్లోనే, గెలిస్తే స్థలం విలువలో పది శాతం తనకివ్వాలని చెప్పి అమ్మ చేత ఖాళీ చెక్కు మీద సంతకం కూడా పెట్టించుకున్నారు. లాయర్ మీద వినియోగదారుల కోర్టుకు వెళ్ళొచ్చని యూట్యూబ్‌లో ఒకాయన చెప్పాడు. వెయ్యమంటారా? ఈ-కోర్ట్స్‌లో కనిపించిన పేజీలు ఫోటోలు తీసి పంపుతున్నాను. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను, అమ్మకి 68 ఏళ్ళు. పేరు వేయకండి.

జవాబు: మీ ఉత్తరంలో అన్నీ రాశారు గానీ ఈపీ వాయిదా ఏ తేదీకో రాయలేదు. ముందు ఆ నోటీసు తీసి తేదీ చూడండి. వినియోగదారుల కోర్టు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఆ తేదీన కూడా మీ తరఫున ఎవరూ నిలబడకపోతే గోడ కూల్చడానికి కోర్టు మనుషులు వస్తారు. కూలిన గోడ ముందు నిలబడి లాయర్ మీద ఎన్ని ఫిర్యాదులు పెట్టినా సందు తిరిగి రాదు.

నేను ప్లీడర్ని కాను. కోర్టులో గుమాస్తాగా చేరి శిరస్తాదారుగా, అంటే హెడ్ గుమాస్తాగా, రిటైరైనవాణ్ణి. మీలాంటివాళ్ళు ఈపీ నోటీసు చేతిలో పట్టుకుని "మాకు తెలియనే తెలియదండీ" అంటూ నా టేబుల్ ముందు నిలబడటం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వాళ్ళలో చాలామంది ముందు పాత లాయర్‌తో గొడవకి దిగేవాళ్ళు. ఆ గొడవలో నెల గడిచిపోయేది. ఆ నెల కూడా ఆలస్యం లెక్కలో చేరేది.

మీరు పంపిన ఫోటోలు రెండుసార్లు చూశాను. జవాబుదావా పడింది, ఇష్యూస్ (తేల్చాల్సిన అంశాలు) ఫ్రేమ్ అయ్యాయి. అంటే మొదట్లో ఆయన పని చేశారు. వాది చీఫ్ అఫిడవిట్ (రాతపూర్వకంగా తన సాక్ష్యం) దాఖలు చేశాక క్రాస్ (మీ లాయర్ ఆయన్ని ప్రశ్నించడం) కోసం కేసు నాలుగుసార్లు వాయిదా పడింది. నాలుగోసారి "లాస్ట్ ఛాన్స్" అని ఉంది. ఐదోసారి "డిఫెండెంట్ కాల్డ్ ఆబ్సెంట్, నో రిప్రజెంటేషన్, సెట్ ఎక్స్‌పార్టీ" అని ఉంది. అంటే పిలిస్తే మీ తరఫున ఎవరూ లేరని. ఆ తర్వాతి వాయిదాకే డిక్రీ. అదంతా జరిగేది పొద్దున్న పదిన్నరకి, కాల్ వర్క్‌లో. బెంచి క్లర్కు నంబరు చదువుతాడు, అటెండరు వరండాలోకి వచ్చి మీ అమ్మగారి పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఎవరూ పలకరు. నిమిషం కూడా పట్టదు. ఆ టైముకి మీ అమ్మగారు ఇంట్లో పప్పు రుబ్బుకుంటూ ఉండి ఉంటారు, ఎందుకంటే ఆవిడకి చెప్పింది "రానక్కర్లేదు" అని.

జడ్జి అమ్ముడుపోయాడన్న మాటకి జవాబు ఆ డాకెట్‌లోనే, అంటే వాయిదాల రికార్డులోనే ఉంది. అమ్ముడుపోయిన జడ్జి క్రాస్ కోసం నాలుగు వాయిదాలు ఎందుకిస్తాడు? చట్టం ప్రకారం ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. ఈయన ఇంకొకటి ఎక్కువే ఇచ్చారు. వాదిని ప్రశ్నించేవాడు లేకపోతే ఆయన చెప్పిందే సాక్ష్యం. కేసు పోయినప్పుడు జడ్జిని తిట్టడం కోర్టు ఆవరణలో పాత అలవాటు. క్లయింటు కోపం తన మీదకి రాకుండా ఉండటానికి అంతకన్నా చవకైన దారి లేదు. ఈమధ్య ఆ మాట ఇంకా తేలిగ్గా అమ్ముడవుతోంది. 2025 మార్చిలో ఢిల్లీలో అప్పటి హైకోర్టు జడ్జి జస్టిస్ యశ్వంత్ వర్మ బంగళాలో అగ్నిప్రమాదం, అక్కడ కాలిన నోట్ల కట్టలు కనిపించాయన్న వార్త అందరూ చూశారు. ఆ డబ్బు తనది కాదని ఆయనన్నారు, ఆగస్టులో లోక్‌సభ స్పీకర్ విచారణకు ముగ్గురితో కమిటీ వేశారు. దాన్ని చూపించి మీ ఊరి జూనియర్ సివిల్ జడ్జిని అదే గాటన కట్టేయడం న్యాయం కాదు.

ఇక ఆ "లోపల మాట్లాడే" 50 వేలు. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ప్రభుత్వోద్యోగిని ప్రభావితం చేస్తానని చెప్పి డబ్బు తీసుకోవడం అవినీతి నిరోధక చట్టంలో 7ఎ సెక్షన్ కింద నేరం. 2018 సవరణ తర్వాత ఇచ్చినవాడూ 8వ సెక్షన్ కింద ముద్దాయే. బలవంతం మీద ఇచ్చామనేవాళ్ళకి ఒక మినహాయింపు ఉంది గానీ, అది ఏడు రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో చెప్పినవాళ్ళకే. ఆ డబ్బు మాట వాట్సాప్‌లో వచ్చి ఉంటే ఆ మెసేజీ డిలీట్ చేయకండి.

ఇప్పుడు పని సంగతి. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు చేయమని అదే కోర్టులో సెట్ అసైడ్ పిటిషన్ వేస్తారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 9 రూల్ 13. సమన్లు అందిన ప్రతివాదికి గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. అమ్మగారికి సమన్లు అందాయి, లాయర్ని కూడా పెట్టుకున్నారు కాబట్టి మీకు లెక్క డిక్రీ రోజు నుంచే. అంటే తొమ్మిది నెలల ఆలస్యం. దాన్ని మాఫీ చేయమని లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఇంకో పిటిషన్. అవి తేలేదాకా ఈపీ ఆపమని స్టే పిటిషన్. మూడూ ఒకేరోజు పడాలి. కొంతమంది లాయర్లు "ఆలస్యం పిటిషన్ ముందు వేద్దాం, మిగతావి తర్వాత" అంటారు. ఒప్పుకోకండి.

అసలు పోరాటమంతా ఆ ఆలస్యం పిటిషన్ దగ్గరే. "లాయర్ మోసం చేశాడు, మాకేం తెలియదు" అని రెండు వాక్యాలు రాస్తే కోర్టు కరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు కొంత కరిగేది కూడా. 1981లో సుప్రీంకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. అలహాబాద్ హైకోర్టులో లాయర్ రాకపోవడంతో అప్పీలు కొట్టేశారు. పల్లెటూరి కక్షిదారు లాయర్‌ని పెట్టుకుని ఫీజు ఇచ్చాక, ఆ లాయర్ వస్తున్నాడో లేదో కాపలా కాయడం అతని పని కాదని జస్టిస్ డి.ఎ. దేశాయ్ తీర్పు రాశారు. అప్పీలు తిరిగి నిలబెట్టడమే కాదు, అవతలివాళ్ళకి ఖర్చుల కింద ఇచ్చే 200 రూపాయలు ఆ రాని లాయర్ దగ్గరే వసూలు చేయమన్నారు. ఇప్పటికీ ప్రతి సెట్ అసైడ్ పిటిషన్‌లో ఈ తీర్పు కనిపిస్తుంది.

కానీ గాలి మారింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టులోనే జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ధర్మాసనం ఇంకోలా చెప్పింది. కక్షిదారు కూడా తన కేసు మీద కన్నేసి ఉంచాలి, నెపమంతా లాయర్ మీదకి నెట్టేసి ఆలస్యం మాఫీ చేయమంటే కుదరదు అంది. అవతలి లాయర్ మీ పిటిషన్‌కి కౌంటర్‌లో ఈ తీర్పే పెడతాడు, చూస్తూ ఉండండి. పైగా ఇప్పుడు ఈ-కోర్ట్స్ యాప్ ఉంది. పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు (కేసు గుర్తింపు సంఖ్య) కొడితే ఏ వాయిదాకి ఏం జరిగిందో బస్సులో కూర్చుని చూసుకోవచ్చు. "హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు ఈ పని ఎందుకు చేయలేదు?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఉత్తరం చదువుతూ నేనూ అదే అనుకున్నాను, ఏమీ అనుకోకండి.

కాబట్టి మీ అఫిడవిట్‌లో తిట్లు తక్కువ, తేదీలు ఎక్కువ ఉండాలి. అమ్మగారు ఎప్పుడెప్పుడు ఫోన్ చేశారో కాల్ హిస్టరీ తీయించండి. "వాయిదా పడింది" అన్న మెసేజీలు ఉంటే ప్రింటు తీయండి. అన్నిటికంటే విలువైనవి డబ్బు పంపిన రసీదులు. ఎక్స్‌పార్టీ అయిపోయిన తర్వాత కూడా ఆయన కేసు ఖర్చులకని ఫోన్‌పేలో డబ్బు వేయించుకుని ఉంటే, మీకు చెప్పి ఉండాల్సిన నిజం ఆయన చెప్పలేదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. నోటీసు ఏ రోజు అందింది, ఆ రోజు నుంచి పిటిషన్ వేసేదాకా ఏం చేశారు, అదీ వరసగా రాయాలి. అమ్మగారికి స్మార్ట్‌ఫోన్ వాడటం రాకపోతే ఆ మాట రాయండి. వస్తే రాదని రాయకండి. క్రాస్‌లో అవతలి లాయర్ ఆవిడ చేతికి ఫోన్ ఇచ్చి మనవరాలి ఫోటో చూపించమంటాడు. నా కళ్ళముందు జరిగిందిలెండి ఒకసారి.

డాకెట్ ఆర్డర్లకి, జడ్జిమెంటుకి, డిక్రీకి సర్టిఫైడ్ కాపీల కోసం రేపే కాపీ అప్లికేషన్ పెట్టండి. పనిలో పని, ప్లెయింటు (వాది వేసిన దావా కాగితం), జవాబుదావా కాపీలు కూడా అడగండి. దాంతో మీ లాయర్ దగ్గరున్న ఫైలులో చాలావరకు మీ చేతికి వచ్చినట్టే. ఆయన దగ్గర నిజంగా చిక్కుకునేవి ఒరిజినల్ దస్తావేజులు మాత్రమే. కోర్టులో దాఖలు చేయని ఒరిజినల్స్ ఆయన బీరువాలో ఏమున్నాయో అమ్మగారిని కూర్చోబెట్టి జాబితా రాయించండి.

ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపే హక్కు లాయర్‌కి లేదు. ఇది 2000 సంవత్సరంలోనే తేలిపోయింది. భోపాల్‌లో ఒక సహకార బ్యాంకు తన లాయర్‌ని మార్చి ఫైళ్ళు అడిగితే, 97,100 రూపాయలు బాకీ అని ఆయన ఇవ్వలేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆయన్ని 18 నెలలు ప్రాక్టీసు నుంచి తప్పించింది. సుప్రీంకోర్టు శిక్షని మందలింపుకి తగ్గించింది గానీ సూత్రం మాత్రం గట్టిగా చెప్పింది. కేసు కాగితాలు తాకట్టు సరుకు కాదు, ఫీజు కావాలంటే దావా వేసుకోవాలి, ఫైలు మాత్రం అడిగిన రోజే ఇచ్చేయాలి అని. జస్టిస్ కె.టి. థామస్ రాసిన తీర్పు అది. మీరు ఆయనకి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసేటప్పుడు ఈ సంగతి ఒక వాక్యంలో ప్రస్తావించండి చాలు.

కొత్త లాయర్ వకాలత్ (మీ తరఫున వాదించే అధికార పత్రం) వేయాలంటే పాత ఆయన నో అబ్జెక్షన్ సంతకం అడుగుతారు. ఇక్కడ కొంచెం నిదానం కావాలి. ఫిర్యాదు చేస్తానని ముందే బెదిరిస్తే ఆ సంతకం పెట్టరు. ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి "మేం వేరే వాళ్ళని పెట్టుకుంటున్నామండీ, సంతకం పెట్టండి" అని మర్యాదగా అడగండి. బార్ అసోసియేషన్ ప్రెసిడెంటు చేత చెప్పిస్తే తొంభై పాళ్ళు అక్కడే అయిపోతుంది. ససేమిరా అంటే వకాలత్ రద్దు చేస్తున్నట్టు రాతపూర్వకంగా ఇచ్చి, కోర్టు అనుమతితో కొత్త వకాలత్ వేయొచ్చు. ఆర్డర్ 3 రూల్ 4 ఉన్నది దానికే. అదే ఊళ్ళో ఎవరూ ఆయనకి వ్యతిరేకంగా కేసు పట్టుకోకపోతే పక్క ఊరి లాయర్‌ని పెట్టుకోండి. అమ్మగారు మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయర్‌ని పొందొచ్చు. ఫోన్ నంబరు 15100. ఉచితం కదా అని చిన్నచూపు వద్దు. వాళ్ళలో కొందరు డబ్బు తీసుకునేవాళ్ళకంటే ఠంచనుగా వస్తారు.

పది శాతం మాట చూసి నాకు ఒళ్ళు మండింది. గెలిస్తే ఇంత అని ఫలితం మీద ఫీజు మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. దీనిమీద 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన పక్కనే తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోది. రోడ్డు ప్రమాదంలో భర్తని పోగొట్టుకున్న ఒకామెకి పరిహారం వచ్చింది. లాయర్‌కి పది లక్షలు ఇచ్చింది. చాలదని ఇంకో పది లక్షలకి చెక్కు రాయించుకున్నారు, అకౌంట్లో డబ్బు లేదని ఆమె చెబుతున్నా వినలేదని ఆమె మాట. చెక్కు తిరిగొచ్చాక ఆమె మీదే చెక్ బౌన్స్ కేసు పెట్టారు. జస్టిస్ ఎ.కె. గోయల్, జస్టిస్ యు.యు. లలిత్ ఆ కేసు కొట్టేశారు. డిక్రీ సొమ్ములో వాటా కింద ఫీజు అడగడం ప్రజావిధానానికే విరుద్ధం, అలాంటి బాకీ చట్టప్రకారం వసూలు చేయదగ్గది కాదు అన్నారు.

మీ ఖాళీ చెక్కుకి ఇదే రక్ష. అయినా ఊరుకోకండి. ఆ చెక్కు నంబరు వేసి, ఏ పరిస్థితుల్లో ఇచ్చారో రాసి, తిరిగి ఇవ్వమని అదే ఉత్తరంలో అడగండి. బ్యాంకులో స్టాప్ పేమెంట్ ఇవ్వండి, కానీ దానితోనే కేసు రాదని ధీమాగా ఉండకండి. ఆయన చెక్కు వేసి, అది తిరిగొచ్చి, మీకు నోటీసు పంపితే 15 రోజుల్లోగా జవాబు వెళ్ళాలి. నోటీసు తీసుకోకుండా పోస్ట్‌మన్‌ని వెనక్కి పంపడం లాంటి తెలివితేటలు వద్దు.

వినియోగదారుల కోర్టు గురించి ఇప్పుడు. మీ యూట్యూబ్ ఆయన చెప్పింది ఒకప్పుడు నిజమే. 2007లో జాతీయ వినియోగదారుల కమిషన్ లాయర్ల సేవ కూడా ఆ చట్టం కిందకే వస్తుందంది. ఆ కేసు మొదలైంది 20 వేల రూపాయల చెక్కు గొడవతో. క్లయింటు కోసం అవతలివాళ్ళు ఇచ్చిన డబ్బు తన ఫీజు తేలేదాకా లాయర్ అందజేయలేదన్నది ఫిర్యాదు. అది సుప్రీంకోర్టులో తేలేసరికి 2024 మే 14 అయింది. జస్టిస్ బేలా త్రివేది, జస్టిస్ పంకజ్ మిథల్ ధర్మాసనం తేల్చేసింది: లాయర్‌తో క్లయింటుది వ్యక్తిగత సేవా ఒప్పందం, క్లయింటు చెప్పినట్టే లాయర్ నడుచుకోవాలి కాబట్టి అదుపు క్లయింటు చేతిలోనే ఉంటుంది, సేవాలోపం అంటూ వినియోగదారుల కోర్టుకి వెళ్ళడానికి వీల్లేదు. డాక్టర్ల మీద మాత్రం 1995 తీర్పు ప్రకారం ఇప్పటికీ వెళ్ళొచ్చు. ఆ తేడా నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. మీ అమ్మగారి అదుపులో ఆ లాయర్ ఎంత ఉన్నాడో మీకే తెలుసు. నాకు నచ్చినా నచ్చకపోయినా చట్టం అదే, అక్కడ ఫిర్యాదు వేస్తే తిరిగొస్తుంది, మీ టైము పోతుంది.

మిగిలినవి రెండు దారులు. నష్టపరిహారానికి సివిల్ దావా వేయొచ్చు. నిర్లక్ష్యం చేసిన లాయర్ దావా నుంచి తప్పించుకోలేడని 1926 నాటి ఫీజుల చట్టంలోనే ఉంది. కానీ ఒక దావా పోయిందని ఇంకో దావా వెయ్యమని 68 ఏళ్ళ మనిషికి నేను చెప్పలేను. రెండోది రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు, అడ్వొకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద. మందలించొచ్చు, కొన్నాళ్ళు ప్రాక్టీసు ఆపొచ్చు, రోల్స్ (లాయర్ల జాబితా) నుంచి పేరే తీసేయొచ్చు. అక్కడ మీకు డబ్బేం రాదు. ఏడాదిలోగా తేల్చకపోతే ఫిర్యాదు ఢిల్లీలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి వెళ్తుందని చట్టం చెబుతుంది. 2025 అక్టోబరు 6న అప్పటి సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ గవాయ్ మీదకి బూటు విసరబోయిన లాయర్‌ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అదే రోజు సస్పెండ్ చేసింది. మీ సందుగోడకి అంత వేగం ఆశించకండి. అయినా ఫిర్యాదు పెట్టమనే చెబుతాను, ముఖ్యంగా జడ్జి పేరు చెప్పి డబ్బు అడిగినందుకు. కాకపోతే నో అబ్జెక్షన్ సంతకం, ఒరిజినల్స్ చేతికి వచ్చాక, ఈపీ మీద స్టే వచ్చాక.

ఇంకొక్కటి. సెట్ అసైడ్ పిటిషన్ నెగ్గినా కోర్టు ఖర్చులు వేయొచ్చు, అది మామూలే. ఎన్ని రోజుల్లో కట్టాలో ఆర్డర్‌లో ఉంటుంది. గెలిచిన సంతోషంలో ఆ తేదీ దాటించి పిటిషన్ పోగొట్టుకున్నవాళ్ళనీ చూశాను. ఓడితే దాని మీద అప్పీలు ఉంటుంది.

అఫిడవిట్ మీద సంతకం పెట్టాల్సింది అమ్మగారే, మీరు కాదు. మీరు మీ వంతు విడిగా ఇవ్వొచ్చు. కొత్త లాయర్ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఆవిడ ఆధార్ కార్డు, కళ్ళజోడు రెండూ మరిచిపోకండి. టైపిస్టు కాగితం తిప్పి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అంటాడు. పెట్టొద్దని చెప్పండి. మొత్తం తెలుగులో చదివి వినిపించమనండి, ఎంతసేపైనా సరే.